బారక్లఫ్ మాస్టారి చివరి మాట

ఎనోక్ బారక్లఫ్ మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరు ఏమన్నా చివరి మాట పట్టుకుని తిరిగి అనేవారు. అనేసి, ఏదో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు విప్పేవారు. నలభై ఏళ్ళు లాటిన్ చెప్పిన నోరు, రిటైరైనా మూతపడలేదని ఊరు సరిపెట్టుకుంది.

అసలు మా థార్న్‌డెన్‌లో సరిపెట్టుకోవడం తప్ప ఇంకో పని లేదు. ఉన్ని మిల్లు మూసేశారు. వాన మాత్రం మూత పడలేదు. ఎండ కాస్తే ఇదేం ఉపద్రవమోనని జనం కిటికీల్లోంచి తొంగిచూస్తారు. ఊళ్ళో వేడిగా ఉండేవి రెండే: నా కొట్లో వేయించే చేపలు, ఆ చేపల కోసం వరసలో నిలబడ్డవాళ్ళ బుర్రలు.

"మాస్టారూ, కాడ్ చేప ఇవ్వనా, హ్యాడక్ ఇవ్వనా?" అనేదాన్ని.

"ఇవ్వనా!"

"ఏదో ఒకటి రిప్లై ఇవ్వండి."

"ఇవ్వండి! రిప్లై అంటే లాటిన్‌లో వెనక్కి మడవడం డోరీన్. నువ్వు పొట్లం మడిచినట్టు."

"ఆ పొట్లమేదో మడిచి పంపించవమ్మా, నా బస్సెళ్ళిపోతుంది," అని వెనకనుంచి కండక్టర్ శామ్ సుగ్డెన్ అరిచేవాడు. ఆ బస్సుకు కండక్టర్ తనే. తను లేకుండా అది ఎక్కడికీ వెళ్ళదు.

మాస్టారి భార్య హెటీగారూ అంతే. ఓ చలికాలం ఇద్దరూ లీడ్స్‌లో ఆవిడ చెల్లెలింటికని వెళ్ళి, చాలా రోజులుండి వచ్చారు. వచ్చినప్పటినుంచే ఆయనకు ఈ తిప్పి అనే జబ్బు; ఆయన ఒక మాట అంటే ఆవిడా ఒకటి అనేది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు. నలభై ఏళ్ళ కాపురంలో అంటుకోదా అని నవ్వుకున్నాం.

ఆ ఏడు మా ఊళ్ళో పెళ్ళిళ్ళకంటే చావులెక్కువ. ఓ అంత్యక్రియలో పాదిరిగారు "మట్టి మట్టిలో కలియుగాక" అనగానే వెనక బల్లమీదనుంచి "కలియుగాక!" అని హెటీగారు, ఆ వెంటనే ఇంకా గట్టిగా మాస్టారు.

పాదిరిగారు బయట పట్టుకున్నారు. "మాస్టారూ, ఇది గుడా, లోయా? ఈ ఎకో ఏమిటి?"

"ఏమిటి! ఎకో ఒక వనదేవత అయ్యగారూ. గ్రీకువాళ్ళ కథ. శాపం తగిలి, పాపం, ఎదుటివాళ్ళ చివరి మాట తప్ప పలకలేకపోయింది."

"నా గుళ్ళోకి గ్రీకు దేవతల్ని తేకండి."

"తేకండి!" అంది హెటీగారు. మేం గొడుగుల చాటున పొట్టలు పట్టుకున్నాం.

నవంబరులో మాస్టారికి జలుబు చేసి కొట్టుకు రాలేదు. చేపల పొట్లం నేనే పట్టుకెళ్ళాను. వంటింటి తలుపు ఓరగా ఉంది.

"హెటీ, టీలో పంచదార వెయ్యనా?"

"వెయ్యనా."

"కాళ్ళు చల్లగా ఉన్నాయా?"

"ఉన్నాయా."

మాస్టారు వంగి ఆవిడ కాళ్ళకు మేజోళ్ళు తొడిగారు. ఆవిడ మాటల్లో ఒక్కటైనా ఆయన తిప్పి అనలేదు. ఎంతసేపు విన్నా అనలేదు. నా చేతిలో పొట్లం చల్లారిపోయింది.

నన్ను చూసి ఆయన దొంగలా నిలబడ్డారు. "పక్షవాతం, డోరీన్. లీడ్స్‌లో ఆసుపత్రిలో ఉన్నాం. ఎదుటివాళ్ళ చివరి మాట తప్ప దీనికి నోట రాదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరు పిల్లలు దీన్ని చూసి కిసుక్కుమన్నారు. నవ్వేదేదో నన్ను చూసి నవ్వుకుంటారని..."

"శామ్‌కి చెప్పనా?"

ఆయన పొట్లం అందుకుని హెటీగారి పళ్ళెంలో విప్పారు. నేను చెప్పాను. శామ్‌కి చెబితే బస్సుకు, బస్సుకు చెబితే ఊరికి చెప్పినట్టే.

తరవాతి వారమే సంక్షేమశాఖ ఆవిడ కొట్లోకి వచ్చింది. హెటీగారిని ఇంట్లో ఉంచాలా, కొండమీది వృద్ధాశ్రమానికి పంపాలా అని విచారణ. ఆ కొండెక్కినవాళ్ళెవరూ దిగి రాలేదు.

"బారక్లఫ్‌గారి భార్య మాటతీరు ఎలా ఉంటుంది?"

"ఉంటుంది," అన్నాను నేను, చిప్స్ మీద ఉప్పు చల్లుతూ.

"వింతగా ఉండదా?"

"ఉండదా!" అన్నారు పాదిరిగారు. వరసలో ఆయనా ఉన్నారు.

"ఈ ఊరంతా ఇంతేనా?"

"ఇంతేనా!" అంది వరసంతా.

"నాకు సరైన ఆన్సర్ కావాలి!"

శామ్ టోపీ తీశాడు. "ఆన్సర్ అంటే, మోపిన నేరానికి ఎదురు ఒట్టెయ్యడమండీ. పాత ఇంగ్లీషు. మా హెటీగారికి మతి బాగుంది. మాస్టారు బాగా చూసుకుంటున్నారు. ఒట్టు."

"ఒట్టు," అన్నారంతా. అప్పుడెవరూ నవ్వలేదు.

ఆవిడ మమ్మల్ని పరకాయించి చూసి, హ్యాడక్ కట్టించుకుని వెళ్ళిపోయింది. ఆశ్రమం ఊసు మళ్ళీ రాలేదు.

శనివారం మాస్టారు హెటీగారి చెయ్యి పట్టుకుని వచ్చారు. సంగతి తెలిసినట్టుంది. కాడా, హ్యాడకా అని నేనడిగితే టోపీ తీసి వరసందరికీ వంగారు.

"ఏం మాస్టారూ, రెస్పాండ్ అవరేం?" అన్నాను.

"రెస్పాండ్ అంటే ఎదురు ప్రమాణం చెయ్యడమమ్మా. ఆలుమగల్ని స్పౌస్ అంటామే, ఆ మాట కూడా ఆ వేరులోంచే పుట్టింది."

"పుట్టింది," అంది హెటీగారు.

"శుభం! ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నాడు శామ్.

అందరికంటే ముందు నవ్వింది హెటీగారే. మేమంతా ఆవిడ తరవాత అందుకున్నాం.