సేమియా ఉమ్మేసిన సాలమాండర్

మా ఎదురింటి హైమ గురించి చెప్పాలంటే ముందు ఆమె వంటింటి గురించి చెప్పాలి. అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఆ రోజుల్లో తెలుగువాళ్లం వేళ్లమీద లెక్కపెట్టేంత మందిమి. అందరం ఎంతోకొంత మారాం. నేనైతే చికెన్ విషయంలో బొత్తిగా సిగ్గు విడిచాను. హైమ మాత్రం మారలేదు. బిస్కెట్ ప్యాకెట్ కొనాలన్నా వెనకవైపు అంతా చదివి, గుడ్డో కొవ్వో కలిసిందని అనుమానం వస్తే అక్కడే పెట్టేసేది. ఆ చాదస్తం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆమె చేతి పులిహోర తింటున్నప్పుడు మాత్రం మండేది కాదు.

1984లో చలి మొదలవుతుండగా ఆమె కూతురు విద్య, వాగు పక్కన దుంగ కింద దొరికిందంటూ ఒక సాలమాండర్‌ను ఇంటికి తెచ్చింది. చూస్తే బల్లి, ముట్టుకుంటే కప్ప. నల్లటి ఒంటిమీద పసుపు చుక్కలు. పాత చేపల తొట్టిలో తడిమట్టి, నాచు, ఎండుటాకులు పరిచి, మూతకు చిల్లులు పెట్టి, చల్లగా ఉంటుందని బేస్‌మెంట్‌లో ఉంచారు. ఇల్లు బాగానే కుదిరింది. చిక్కంతా తిండి దగ్గరే వచ్చింది.

హైమ మొదట పెరుగన్నం పెట్టింది. తర్వాత ముద్దపప్పు పెట్టింది. సాలమాండర్ ఆ పప్పును తొక్కుకుంటూ అవతలికి వెళ్లిపోయింది.

"అమ్మా, అది మూవ్ అయ్యేవే తింటుంది. వర్మ్స్ కావాలి. మా టీచర్ చెప్పింది," అంది విద్య.

"కదిలితే చాలు కదా," అంది హైమ.

ఉప్పు లేకుండా సేమియా ఉడికించింది. ఒక పోగును దారానికి కట్టి, తొట్టి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వానపాములా ఆడించింది. సాలమాండర్ తల ఎత్తింది. గబుక్కున అందుకుంది. ఒక్క క్షణం ఆలోచించి ఉమ్మేసింది.

"నా చేతి వంట ఉమ్మేసిందండీ," అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది హైమ. నవ్వు ఆపుకోలేక నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఈలోగా మంచు పడి నేల గడ్డకట్టింది. ఇప్పుడు బయట వదిలితే మట్టిలోకి దూరలేదు, చచ్చిపోతుంది. ఇంట్లో ఉంటే ఆకలికి చచ్చిపోతుంది. అప్పటికే దాని తోక పుల్లలా అయిపోయింది. విద్య అన్నం మానేసింది. హైమ భర్త అచ్యుతరావు చేపలు పట్టేవాళ్లకు ఎర అమ్మే కొట్టుకు వెళ్లి, ఒక డబ్బా నిండా వానపాములు తెచ్చి, డబ్బా గుమ్మం బయటే పెట్టి తప్పుకున్నాడు.

హైమ నన్ను పిలిచింది. "మీరు నాన్‌వెజ్ తింటారు కదా జయంతిగారూ, మీరు పెట్టండి."

"కోడిని తింటానమ్మా. ఇవి నాకూ కొత్తే," అన్నాను. అయినా పరువు కోసం డబ్బాను బేస్‌మెంట్‌లోకి తెచ్చి ఒకదాన్ని పట్టుకున్నాను. అది వేలికి చుట్టుకుంది. నేను ఎప్పుడు సోఫా ఎక్కానో నాకే తెలియదు.

హైమ నా వంక జాలిగా చూసింది. పైకి వెళ్లి దేవుడి అలమర తలుపులు వేసి వచ్చింది. కింద పడిన వానపామును పట్టకారుతో తీసి, "క్షమించు నాయనా," అని దానికి చెప్పుకుని తొట్టిలోకి దించింది. ఆమె చెయ్యి వణుకుతోంది. ఆ వణుకుకు వానపాము ఇంకాస్త ఆడింది. సాలమాండర్ ఒక్క పట్టు పట్టి మింగేసింది. విద్యతో కలిపి మేం ముగ్గురం తొట్టి మీదికి వంగి చూశాం. ఈసారి ఉమ్మలేదు.

హైమ కళ్లు తుడుచుకుంది. "ఇంకొకటి తిను నాన్నా, ఎలా చిక్కిపోయావో చూడు," అంటూ డబ్బాలో తనే వెతికి లావుపాటిది తీసింది.

అది కూడా తిన్నాక డబ్బా మూత బిగించి, వంటింట్లోకి పట్టుకెళ్లి, ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె పక్కకు జరిపి అక్కడ పెట్టింది. అచ్యుతరావు వచ్చి పెరుగు గిన్నెను పై అరలోకి మార్చాడు.

"బయట ఉంచితే చచ్చిపోతాయటండీ," అంది హైమ. "వాడికి మళ్లీ ఆకలేస్తుంది కదా."