మెరుగు పెట్టిన బ్యాడ్జీ

కువైట్‌లో ఎగైలా అనే చోట విల్లా ముందు దిగేసరికి మధ్యాహ్నం రెండు. నలభై ఎనిమిది డిగ్రీలు. దుమ్ములో వీధి చివర కనబడలేదు. సైన్యంలో నాలుగేళ్ళు చేసొచ్చిన నాకు ఇక్కడ ఇచ్చిన సామగ్రి: వాకీటాకీ ఒకటి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. కుర్చీకి మూడు కాళ్ళే గట్టివి.

కాపలా ఒక గదికి. యజమాని ప్రపంచయుద్ధ కాలపు ఐరిష్ రెజిమెంట్ల టోపీ బ్యాడ్జీలు సేకరిస్తాడు. అద్దాల పెట్టెల్లో కిరీటాల, వీణలాంటి వాయిద్యాల బొమ్మలున్న బ్యాడ్జీలు, అన్నీ నల్లబడి ఉన్నాయి. ఉత్తర్వు ఒక్కటే: ముట్టుకోకూడదు. తాళంచెవి మాత్రం కోనసీమ నుంచి వచ్చిన వంటక్క దగ్గర, దుమ్ము దులపడానికి. ఏం జరిగినా పూచీ అక్కదేనని యజమాని భార్య, మేమంతా మామా అనే ఆవిడ, ముందే చెప్పిందట.

నేను చేరిన పదకొండో రోజు యజమాని, మేమంతా బాబా అనే ఆయన, విదేశం నుంచి వస్తున్నాడు. ఉదయం తొమ్మిదికి అక్క గది తెరిచి, దులిపి, పొయ్యి మీద పాలు చూడ్డానికి వెళ్ళింది. మాసిన బ్యాడ్జీతో పరేడ్‌కు వెళితే ఏమవుతుందో నా మోకాళ్ళకు తెలుసు. అన్నిటికంటే నల్లగా ఉన్నదాన్ని తీశాను. ఇత్తడి పాలిష్, సన్నటి గరుకు కాగితం, నలభై నిమిషాలు. వెనక ఏవో గీతలుంటే అవీ పోయేదాకా రుద్దాను. ఏ పనీ సగంలో వదలను. నాతో వచ్చిన చిక్కే అది.

అక్క వచ్చి చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "ఏం చేశావు తమ్ముడూ?"

"కొత్తగ జేసిన అక్కా."

"ఆ పాతదనం కోసమే కదయ్యా ఆయన దేశాలు తిరిగేది. ఖలాస్. ఇక నన్ను పంపించేస్తారు."

వాకీటాకీ గరగరలాడింది. జగిత్యాల డ్రైవరన్న. "తమ్మీ, బాబా దిగిండు. ఇరవై అయిదు నిమిషాలల్ల వస్తం."

"ఎట్లున్నడన్నా?"

"నవ్వుతుండు."

సరిహద్దులో కూడా ఇంత చెడ్డ వార్త వినలేదు. బయట దుమ్ము ఎర్రబడింది. పగలే గదిలో లైటు వేయాల్సి వచ్చింది.

"చెయ్యి నాది. నేనే చెప్త అక్కా," అన్నాను.

"చెప్పి?"

"సావధాన్‌ల నిలవడ్త. మిలట్రీల గదొక్కటే మంచిగ నేర్పిన్రు."

అలాగే నిలబడి, ఆయనకు కాస్త వచ్చిన హిందీలో చెప్పాను. తాళం తీసింది అక్కే అయినా తప్పు నాదేనన్నాను. యజమాని అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ గీతలు ఎవరో సైనికుడు మేకుతో చెక్కుకున్న నంబరట. ప్రయాణానికి ముందే కొన్నాడు. తిరిగొచ్చాక భూతద్దంతో చదవాలనుకున్నాడు. అది ఎవరిదో తెలియడానికి ఇంకో ఆధారం లేదట.

అక్కను ఉంచారు. నన్ను ఆ తర్వాత తొమ్మిదో రోజుకు విమానం ఎక్కించారు. ఊళ్ళో అందరూ కువైట్ ఎట్లుందని అడుగుతారు. వేడి అంటాను.

కళ్ళ ముందు మాత్రం ఆయన బొటనవేలు. నున్నటి ఇత్తడి వెనకవైపు మెల్లగా, అటూ ఇటూ తడుముతూనే ఉంటుంది.