బుచ్చిరాములు బండికి నోరెక్కడ?

బుచ్చిరాములుకు తన బండి గురించి తెలియని సంగతంటూ లేదు. ఈ మాట ఊళ్లో ఎవరూ అనలేదు, ఆయనే అనుకున్నాడు.

పోలీసు యాక్షన్ అయ్యాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న పాత వ్యాను అది. అందులో నులకమంచం బిగించి, కిటికీలకు తల్లి పాత చీరలు కట్టి, ఓ మూల పొయ్యి పెట్టాడు. ఉట్నూర్ చుట్టుపక్కల వారపు అంగళ్లలో గాజులు, దువ్వెనలు అమ్ముకుంటూ ఎక్కడ పొద్దుగూకితే అక్కడ బండిలోనే వండుకుని బండిలోనే పడుకునేవాడు. "నా ఇల్లు గిట్ల నడుస్తది సూడుండ్రి" అని గొప్పలు పోయేవాడు. నడిచినప్పుడు నడిచేది. తక్కినప్పుడు జనం నెట్టేవారు.

తల్లి లస్మవ్వకు ఒకటే కోరిక. కార్తీక పున్నానికి కొడుకు బండెక్కి పోయి చెన్నూరు గోదావరిలో మునగాలి. రెండేళ్లు బయల్దేరారు. రెండేళ్లూ బండి దారిలోనే దగ్గి దగ్గి ఆగిపోతే, ఎవరిదో ఎడ్లబండి పట్టుకుని ఇంటికొచ్చారు. ఈసారి అవ్వ మోకాళ్లు ఒత్తుకుంటూ, "వచ్చే కార్తీకం దాంక ఉంటనో లేదో బిడ్డా" అంది. ఈసారి ఎలాగైనా తీసుకుపోవాలనుకున్నాడు బుచ్చిరాములు.

జబ్బు ఎక్కడుందో ఆయనకు తెలుసు. పెట్రోలు ఇంజనుకు పోయే దారిలో ఓ చిన్న గాజు గిన్నె, అందులో చెత్తను ఆపే సన్నటి ఇత్తడి జాలి. అది మాటిమాటికీ పూడుకుపోయేది. తప్పంతా పెట్రోలు పోసేవాళ్లదేనని ఊరూరా తిట్టాడు. "గీళ్లు మన్ను గలుపుతుండ్రు" అని ఒట్టేసి మరీ చెప్పాడు. చివరికి తనే ఇనుప పుల్లతో గీకి బాగుచేయబోయి జాలిని నడిమికి చింపాడు. పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందట!

మంచిర్యాల మెకానిక్కు ఆ చిరుగును చూసి, "గిది గావాల్నంటె ఇంగ్లీషోళ్ల సీమకు పోవాలె" అని నవ్వాడు. పున్నం దగ్గరపడుతోంది. అప్పుడు గుర్తొచ్చాడు బావమరిది ఇస్తారి. కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పని. గుజ్జులోంచి నీళ్లు వడకట్టడానికి అక్కడ సన్నటి తీగ జాలి వాడతారు. బుచ్చిరాములు గాజు గిన్నె ఊడదీసుకుని బస్సెక్కాడు.

ఇస్తారి మేస్త్రీని అడిగి, పాతదై పారేసిన జాలిలోంచి రెండు ముక్కలు తెచ్చాడు. కొలత చూద్దామని గాజు గిన్నె అందుకుని, అడుగున గడ్డకట్టిన మడ్డిని వేలితో నలిపాడు.

"బావా, గిది మన్ను గాదు. పసుపు. గివి నూకలు. బండికి బువ్వ వెడుతున్నవా ఏంది?"

బుచ్చిరాములుకు అప్పుడు వెలిగింది. బండి కొన్ననాడు కొబ్బరికాయ కొట్టాక, అవ్వ అక్షింతలు పట్టుకుని, "దీని నోరు యాడుంది కొడుకా?" అని అడిగింది. తనే దర్జాగా పెట్రోలు మూత తీసి, "గిదే అవ్వా" అని చూపించాడు. ఆనాటి నుంచీ ఏ ప్రయాణమైనా, కొడుకు క్షేమంగా తిరిగి రావాలని మొక్కి ఇన్ని అక్షింతలు ఆ నోట్లో వేస్తూనే ఉంది. ఊరూరా తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి బుచ్చిరాములుకే తగిలాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఇస్తారి మాత్రం బస్సు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి బుచ్చిరాములు ఒక ముక్క కత్తిరించి గిన్నెలో బిగించాడు. రెండోది పెట్రోలు మూత కింద అడ్డంగా పెట్టాడు. బయల్దేరే పొద్దున అవ్వ గుప్పెడు అక్షింతలతో రానే వచ్చింది. వద్దనడానికి ఆయనకు నోరు రాలేదు.

"గిదేందిరా కొత్తగ?" అంది జాలిని చూసి.

"బండికి పండ్లు గట్టిచ్చిన అవ్వా. నమిలి మింగుతది."

"నాకు గట్టియ్యమంటె మాత్రం ఇనకపోతివి" అని బోసినోటితో సణుగుతూ చల్లింది. గింజలు జాలి మీదే ఆగాయి.

ఆ రోజు బండి ఎక్కడా దగ్గలేదు. చెన్నూరులో అవ్వ గోదావరిలో మునిగి లేచి, తడి చీరతో చేతులెత్తి మొక్కుతుంటే బుచ్చిరాములుకు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని చూసేసరికి అవ్వ చెంబు నిండా గోదావరి నీళ్లు ముంచుకుని పెట్రోలు మూత దగ్గరికి పోతోంది. "గింత దూరం మోసుకొచ్చింది, పాపం దీనికి దూప గాదా?"

బుచ్చిరాములు బురదలో జారి, లేచి, పరుగెత్తి చెంబు పట్టుకున్నాడు. ముందుకు తీసుకుపోయి ఇంజను మీది రేకు ఎత్తి, చల్లబడ్డ రేడియేటర్ మూత తీశాడు.

"నీళ్లు తాగే నోరు గిది అవ్వా. గది పెట్రోల్‌ది, దాంట్ల ఇంకేది ఎయ్యద్దు. గా అక్షింతలకే రెండేండ్లు ఆగింది. నేనే తప్పు సూపెట్టిన."

అవ్వ నింపాదిగా నీళ్లు పోసింది. ఖాళీ చెంబు ఆయన చేతికిచ్చింది.

"మొదాలే సక్కగ సూపెడితె రెండేండ్ల కిందనే మునుగుదును గద కొడుకా."