చావింట్లో అనకూడని మాట

మనిషి లోపల కుప్పకూలడం ప్రతిసారీ జబ్బు కాదనీ, పాత మనిషి చెదిరితే తప్ప కొత్త మనిషి నిలబడలేని సందర్భాలుంటాయనీ చెప్పే సిద్ధాంతం ఒకటుంది. ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో దాన్ని చాలా ఏళ్లు పాఠంగా చెప్పాను. పిల్లలు రాసుకునేవారు, పరీక్ష రాసేవారు, మరిచిపోయేవారు. ఈ మాట కాలేజీ గోడలు దాటి బజారుకు చేరాలని నాకు పెద్ద కోరిక. చేర్చేవాణ్ణి నేనే కావాలన్నది అంతకన్నా పెద్ద కోరిక. ఆ రెండూ వేరని అప్పట్లో నాకు తోచలేదు.

నా స్నేహితుడు అదే కాలేజీలో కామర్స్ చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ ఒకరినొకరం మామా అనుకునేవాళ్లం. భార్య చనిపోయిన ఏడాది అతను మనిషి కాకుండా పోయాడు. క్లాసుకు వెళ్లి, బోర్డు మీద ఒక గీత గీసి, దాని వైపే చూస్తూ నిలబడిపోయేవాడు. సాయంత్రాలు పెన్నా వైపు నడకకు తీసుకెళ్లి అతనికి ఈ సిద్ధాంతం చెప్పాను. ఓదార్చడానికని అందరితో అన్నాను. నిజానికి మధ్యలో లేచిపోని శ్రోత నాకు దొరికాడు.

అతను తేరుకున్నాడు. ఆ మాట చాలదు. అంతకుముందు పరీక్ష పేపర్లూ ప్రమోషన్లూ తప్ప వేరే ధ్యాస లేనివాడు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల వంచి వినేవాడయ్యాడు. నేను పుస్తకాల్లో చదివింది నా కళ్ల ముందే జరిగింది. సంతోషించాల్సింది. నాకేమో నా సొత్తు ఎవరో వాడుకుంటున్నట్టు అనిపించింది.

అసలు కుళ్లు జమ్మలమడుగులో మొదలైంది. అక్కడొక కల్యాణ మండపంలో నా ఉపన్యాసం నేనే పెట్టించుకున్నాను. వచ్చినవాళ్లలో సగం మంది ఎండకు తాళలేక ఫ్యాన్ల కింద చేరినవాళ్లే. చాలాసేపు మాట్లాడాక వెనక వరుసలో ఒకాయన లేచాడు.

"సార్, ఇరిగిపోతే మనిషి ఎదుగుతాడంటాండారు. మా నాయన తుంటి ఇరిగి మంచంలో పడుండాడు. ఎదిగే మాట అట్ల పెట్టండి, పక్కకు తిరగాలంటేనే ఇంకో మనిషి కావల్ల."

మండపమంతా నవ్వింది. ఇది వేరు, అది వేరు అని నేను విడమరిచేలోగా, నాతో వచ్చిన నా స్నేహితుడు కుర్చీ తీసుకెళ్లి ఆయన పక్కన వేసుకున్నాడు.

"ఆ ఇంకో మనిషి ఎవరప్పా? నువ్వేనా?"

"నేనే. ఇంకెవరుండారు."

"నువ్వెట్లుండావని ఎవరన్నా అడిగినారా?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చుట్టుపక్కలవాళ్లు తమ కుర్చీలు వాళ్లిద్దరి వైపు తిప్పుకున్నారు. నా ఉపన్యాసంలో మిగిలిన భాగం మైకుకు తప్ప ఎవరికీ అక్కరలేకపోయింది.

తిరుగు బస్సులో అతను నా వైపు చూసి, "ఏంది మామా, మొగం అట్ల పెట్టుకున్యావు?" అన్నాడు.

"తలనొప్పి."

"అంతసేపు మైకు పట్టుకుంటే రాక యాడికి పోతాది" అని నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాత అతనొక పద్ధతి పట్టాడు. మా వైపు చావు జరిగిన ఇంటికి పలకరింపుకు పోతారు. చాప మీద కూర్చుంటారు, మన చేతుల్లో ఏముంది అంటారు, చెప్పకుండా లేచి వచ్చేస్తారు. ఆ ఇంట్లో పోయొస్తానని అనకూడదు. వస్తానంటే చావును మళ్లీ రమ్మన్నట్టేనని భయం. దినాలైపోయాక ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. సరిగ్గా అప్పుడు ఇతను వెళ్లడం మొదలుపెట్టేవాడు. లేచేటప్పుడు "మళ్లీ వస్తా" అని పైకే చెప్పేవాడు. కూలిన మనిషికి తనను చూడ్డానికి ఇంకొకరు వస్తారన్న నమ్మకం ముందు కావాలని అతని ఆలోచన. సిద్ధాంతం పేరు మాత్రం ఎక్కడా ఎత్తేవాడు కాదు. ముద్దనూరు నుంచీ మైదుకూరు నుంచీ మనుషులు వెతుక్కుంటూ కాలేజీకి వచ్చేవారు. "ఆ సారు యాడుంటాడు?" అని నన్నే అడిగేవారు.

అతనికొచ్చిన పేరు మీదే కాదు, అతని దుఃఖం మీద కూడా నాకు అసూయ కలిగింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అతని దగ్గర కూలి లేచిన అనుభవం ఉంది, నా దగ్గర వాక్యాలున్నాయి. భార్యాబిడ్డలు చల్లగా ఉన్న ఇంట్లో కూర్చుని, నాకూ ఒక పెద్ద కష్టం వచ్చి ఉంటే నా మాటా వినేవాళ్లేమో అనుకున్న రోజులున్నాయి.

పులివెందుల పక్క పల్లెలో చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతు ఒకాయన ట్రాక్టర్ నడుపుతుంటే అది గట్టు మీద బోల్తా పడి, పక్కన కూర్చున్న తమ్ముడు చనిపోయాడు. రైతు మాట మానేశాడు. తోట మొహం చూడలేదు. పొద్దంతా వసారాలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఒకసారి పురుగుమందు డబ్బా పట్టుకుని తల్లి కంటపడ్డాడు. అప్పటి నుంచి ఆమె ఇల్లు వదిలి కదల్లేదు. నా స్నేహితుడు వారం వారం వెళ్లేవాడు. ఒక ఆదివారం అతనేం చేస్తాడో చూడాలని నేనూ వెంట వెళ్లాను. ఆ రోజే రైతు నోరు విప్పాడు.

"వాడు దిగుతా అన్యాడు సార్. నేనే కూచ్చోరా అన్యా."

"ఊ" అన్నాడు నా స్నేహితుడు. నీ తప్పు లేదని అనలేదు. రైతు చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తల్లిని అన్నం అడిగాడు. ఆ ఇంట్లో ఏం మొదలైందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అది మధ్యలో ఆగితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

రైతు తింటుండగా తల్లి పెరట్లో ఉన్న నా దగ్గరికొచ్చింది.

"సారూ, మీ సారు పోయేటప్పుడల్లా మళ్లీ వస్తా అంటాండాడే. మా వదినె ఒకటే గొణుగుతాంది. ఏం కాదు గదా?"

ఏం కాదమ్మా అంటే సరిపోయేది.

"అనకూడదమ్మా" అన్నాను. "నేనూ చెప్పి చూసినా, వినడు. ఆయన ఇంట్లో కూడా చావు జరిగింది గదా."

ఆ చివరి మాట ఆమెను ఎక్కడ తాకుతుందో చూసుకునే అన్నాను. ఆమె ముఖంలోకి భయం రావడం చూసి ఊరుకున్నాను.

మరుసటి వారం ఆమె అతన్ని గేటు దగ్గరే ఆపి, ఇంక రావద్దని దండం పెట్టింది. "ఏం తప్పు జేసినానో అర్థం కాల్యా మామా" అన్నాడు నాతో. పల్లెటూరివాళ్లు, వాళ్ల భయాలు వాళ్లవి అన్నాను. అతను మిగతా ఇళ్లకూ వెళ్లడం మానేశాడు. తన వల్ల ఎవరికో కీడు జరిగిందేమోనని అతనికి దిగులు పట్టుకుంది. నాకు మాత్రం కొన్నాళ్లు హాయిగా నిద్రపట్టింది.

తర్వాత ఆ పల్లె నుంచి వచ్చే విద్యార్థి ఒకడు మాటల్లో చెప్పాడు, రైతు మళ్లీ అన్నం ముట్టడం లేదట, ఇంట్లో తాళ్లూ మందు డబ్బాలూ అన్నీ తల్లి పక్కింట్లో దాచిందట. క్లాసు వదిలేసి పులివెందుల బస్సెక్కాను.

గేటు బయటే నిలబడి ఆమెకు చెప్పాను. "అమ్మా, ఆయన రాకతో ఏ కీడూ లేదు. నాకు ఆయన మీద కుళ్లు. అందుకే అట్ల చెప్పినా."

"నా కొడుకు సస్తే నీకేమొస్తాదప్పా?" అంది. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"పో. పోయి ఆయప్పను పిల్చకరా. నువ్వు మాత్రం ఈ గడప తొక్కాకు."

ఆ మధ్యాహ్నమే కాలేజీ వరండాలో నా స్నేహితుడికి అంతా చెప్పాను. "నేను పోని ఈ వారాలన్నీ వాడు ఎవరి కోసం చూసుకుంటా కూచ్చున్యాడో" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తనకు జరిగిన అన్యాయాన్ని పక్కన పెట్టి ముందు ఆ రైతును తలుచుకోగలిగినందుకు, ఆ క్షణంలో కూడా నాకు అతని మీద ఈర్ష్య పుట్టింది. నా జబ్బు ఎంత లోతుగా ఉందో అప్పుడు అర్థమైంది.

నా బండి మీదే బయలుదేరాం. అతను లోపలికి వెళ్లాడు, నేను వీధిలో బండి పక్కన నిలబడ్డాను. ఆమె ఒకసారి బయటికొచ్చి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. పొద్దు వాలుతుండగా అతను వచ్చాడు.

"మాట్లాడినాడా?"

"ల్యా. చెయ్యి పట్టుకున్యాడు, ఇడ్సలా. రెండు ముద్దలు తిన్యాడు."

కూలిపోవడం వల్ల నేనూ ఎదిగానని ఇక్కడ రాస్తే నా పాఠానికి బాగా సరిపోతుంది. అలా రాయలేను. నేను కూలింది నా చేతులతోనే, దాని బరువు మోసింది వేరేవాళ్లు.

"నా మీద కోపంగా ఉందా మామా?" అని అడిగాను.

"శానా ఉంది" అన్నాడు, వెనక సీటెక్కుతూ. "ఈ పొద్దు కాదులే. నిదానంగా పోనీ, గుంతలుండాయి."