చుట్టపెట్టె మూతలో చీటీ

జీఎస్టీ వచ్చిన మరుసటి ఏడాది, దీపావళి వెళ్లిన వారానికి, ఒక క్యూబా చుట్టను కాల్చి చూసి గ్రేడు రాసే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను వరంగల్‌లో ఒక పొగాకు కంపెనీలో హెడ్ గ్రేడర్‌ని. పేరు ఇంగ్లిష్‌లో ఉంది గాని పనంతా ముక్కుతో, నాలుకతోనే. గోదావరి ఒడ్డు నుంచి వచ్చే ఆకును తడిమి, వాసన చూసి, చుట్టి కాల్చి, ఏ రకమో తేల్చాలి. నా కింద ఇద్దరు గ్రేడర్లు, పైన సేటు. మధ్యలో ఎవరూ లేరు కాబట్టి తిట్లు ఎక్కడా ఆగకుండా నేరుగా నాకే చేరేవి. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కల సారు నా ముక్కు పట్టుకుని మెలితిప్పినప్పుడు, ముందు ముందు అదే నాకు అన్నం పెడుతుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మా కంపెనీలో ఒక నియమం ఉండేది. గ్రేడు చీటీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి ఆఫీసు ఫైలుకు, రెండోది సరుకుతోపాటే. బేలు అయితే గోనె లోపల, పెట్టె అయితే మూత లోపల. సరుకు ఎవరు విప్పినా ముందు చీటీయే కనపడాలి. సేటు తండ్రి పెట్టిన నియమమిది. సేటుకు తండ్రి ఫొటో గుర్తుండేది గాని, నియమం అంతగా గుర్తుండేది కాదు.

క్యూబా పెట్టెను హైదరాబాద్ ఏజెంటు ఒకాయన అంతకు ముందు ఏడు బహుమతిగా ఇచ్చాడు. ఇరవై ఐదు చుట్టలు. పదిహేనేళ్లు మాగినవి. కొత్త పొగాకులో గొంతు పట్టే ఘాటు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఘాటు దిగిపోయి ఆకు నెమ్మదిస్తుంది. కొత్త ఒప్పందం మీద సంతకాలు పెట్టిన రోజు ఇద్దరం కలిసి కాలుద్దామన్నాడట ఏజెంటు. ఆ రోజుకు ఇంకా మూడు రోజులుందనగా సేటు మూత తీసి ముక్కు ముడిచాడు. ఏదో పరాయి వాసన.

వెంటనే గోదాం కీపర్ సమ్మయ్య మీద పడ్డాడు. సమ్మయ్యది వర్ధన్నపేట పక్క ఊరు, నాకంటే ముందు చేరినవాడు. పెట్టె ఉండేది గోదాంలోని చెక్క అల్మారాలో. దీపావళికి ముందు పురుగు పట్టకుండా గోదాంకు మందు పెట్టారు. ఆ మందు వాసనే చుట్టలకు పట్టిందని, సమ్మయ్యను పనిలోంచి తీసేస్తానని సేటు తీర్పు. తీర్పు ముందే అయిపోయింది. నన్ను పిలిచింది సాక్ష్యం కోసం.

సమ్మయ్య ఒకటే మాట అన్నాడు: "మందు పెట్టకముందే పెట్టెను మీ ఇంటికి ఇచ్చిన సేటూ. పెద్దమ్మ అడిగి తీస్కున్నది, పండుగైనంక మల్ల పంపింది."

"మా అమ్మకు చుట్టలతోని ఏం పనిరా? నీ తప్పుకు మా ఇంటి పేరు తీస్తానవ్?" అని సేటు లేచాడు.

పరీక్ష హనుమకొండలో సేటు ఇంటి ముందు గదిలో జరిగింది. సమ్మయ్య గడప బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు రంగు చూశాను. పై ఆకు నూనె మెరుపుతో, ఈనెలు సన్నగా, ఎక్కడా పగుళ్లు లేవు. వేళ్లతో కొస నుంచి కొసకు నొక్కాను. గట్టి ముడులు లేవు, బోలుగా లేదు. తల కొస కత్తిరించి, ముట్టించకుండానే ఒకసారి పీల్చాను. అక్కడే దొరికింది. ఎండు చింతపండు, కొత్త తోలు చెప్పు, చివర్లో కాస్త బెల్లం రావాలి. పెట్టెతోపాటు ఏజెంటు ఇచ్చిన రుచుల ఫారంలో లెదర్ అని ఇంగ్లిష్‌లో రాస్తే గొప్ప, నేను చెప్పు అంటే నవ్వుతారు. కాని వాటన్నిటి మీద ఇంకోటి కూర్చుని ఉంది. మందు పట్టిన ఆకు కుళ్లిన వెల్లుల్లి కంపు కొడుతుంది, ఏళ్ల తరబడి ఎరుగుదును. ఇది అది కాదు. ముట్టించి, నిమిషానికో దమ్ము చొప్పున, పొగ మింగకుండా నోట్లో తిప్పి వదిలాను. మొదటి మూడో వంతు అంతా గుగ్గిలం. చుట్ట కాలుస్తున్నానో, సత్యనారాయణ వ్రతంలో కూర్చున్నానో అర్థం కాలేదు.

అంతలో సేటు తల్లి లోపలి నుంచి వచ్చింది. ఎనభై దాటినా గొంతు ఖంగుమంటుంది.

"ఏందిరో, మా ఇంట్ల కూసోని చుట్ట తాగుతానవ్?"

"డ్యూటీ పెద్దమ్మా."

"మంచి డ్యూటీ. మా ఆయన గూడ గిదే డ్యూటీ జేసి దగ్గి దగ్గి పోయిండు." తర్వాత పెట్టె వైపు చూసి మురిసిపోయింది. "గీ పెట్టెకు నేనే పూజ జేసిన. దీపావళికి మూడు దినాలు లక్ష్మమ్మ ముంగట మూత తీసి పెట్టి, పొద్దుమాపు గుగ్గిలం ఏసిన. షాన విలువైన సరుకని నువ్వే అంటివి గదరా కొడుకా!"

సేటు ముఖం చూడాల్సింది. "అమ్మా, నువ్వు లోపలికి పో" అన్నాడు. ఆమె వెళ్లాక నా వైపు వంగి, "మందు వాసన అని రాయి. ఏజెంటు ముంగట మా అమ్మ పేరు తీస్తమా?" అన్నాడు.

"పెద్దమ్మ పేరు తియ్య సేటూ. గుగ్గిలం పేరు రాస్త."

"నీకు సదువు రాలే గని మొండితనం మస్తు వచ్చింది."

నాకు ఒళ్లు మండింది. తల్లి చేసింది తప్పేమీ కాదు, తెలియక చేసింది, దాచుకోలేదు కూడా. నిజం చెవులారా విని, గడప బయట నిలబడినవాడి మెడకు అబద్ధం కట్టడం మాత్రం తెలిసి చేసే పని. రెండు ప్రతులూ సిరాతో రాసి సంతకం పెట్టాను. ఒకటి మూత లోపల పెట్టాను, రెండోది సేటు చేతికిచ్చాను. ఆయన చేతిలోది చింపేశాడు, లోపల చూడకుండానే పెట్టె మూత తానే మూశాడు, రేపటి నుంచి రావద్దని సమ్మయ్యకు చెప్పాడు. తండ్రి నియమం గుర్తుండి ఉంటే మూత మళ్లీ తీసేవాడు.

మూడు రోజులకు ఏజెంటు వచ్చాడు. పెట్టె విప్పగానే చీటీ చేతికొచ్చింది. పైకే చదివాడు: "ఆకు మంచిది. మందు వాసన లేదు. గుగ్గిలం పొగ పట్టింది. మొదటి భాగం చెడింది, తర్వాత ఫస్ట్ గ్రేడు. గోదాం తప్పు లేదు."

కడుపు పట్టుకుని నవ్వాడు. "సేటూ, బండి కొంటే నిమ్మకాయలు కడ్తరు గని చుట్టలకు హారతి ఇచ్చినోళ్లను ఇయ్యాల్నే చూస్తాన." ఒకటి ముట్టించి, మొదటి భాగం ఓపికపట్టి, రెండో భాగంలో తల ఊపాడు. సంతకాలయ్యాయి. పోతూ పోతూ, "గోదాం తప్పు లేదని రాసిర్రు. ఎవరి మీదన్న పెట్టిర్రా ఏంది?" అని అడిగాడు. సేటు నవ్వి, లేదన్నాడు. ఆ సాయంత్రమే సమ్మయ్యకు కబురు వెళ్లింది.

సమ్మయ్య వచ్చాడు, తాళాలు తీసుకున్నాడు. పొరపాటైందన్న ఒక్క మాట సేటు నోట్లోంచి రాలేదు. నెలాఖరుకు తెలిసింది, ఇంట్లో కూర్చోబెట్టిన ఆ మూడు రోజులూ హాజరు పుస్తకంలో సమ్మయ్య సెలవు పెట్టినట్టు రాశారని. నేను వెళ్లి అడిగితే, "మల్ల పనిల చేరిండు గదా, ఇంకేం లొల్లి?" అన్నాడు సేటు. అప్పటికి పుస్తకం మూసేశారు, దిద్దలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. ఎదుటివాడు ఏమన్నా సరే, పట్టిన వాసనే చీటీలో రాయాలి, ఒక ప్రతి ఎవరి చేతికీ ఇవ్వకుండా సరుకులో పెట్టాలి. అది ఆ రోజు సరిగానే చేశాను. చీటీతో నా పని అయిపోయిందనుకోవడం తప్పు. సమ్మయ్య తిరిగొచ్చిన రోజే హాజరు పుస్తకం కూడా విప్పి చూడాల్సింది.