అడిగిన ప్రతిదానికీ బదులు చెప్పిన అక్క

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా టూరిస్ట్ ఆఫీసు కౌంటరు తలుపు తీస్తుండగా ఫోన్ వచ్చింది. నాతో పనిచేసే అక్క పోయింది. రాత్రి నిద్రలోనే గుండె ఆగిందని వాళ్ళ తమ్ముడు చెప్పాడు. ఇంకా వింటూనే ఉన్నాను, ఎవరో అద్దం మీద టకటకా కొట్టి, "టూరిస్ట్ సమాచారం ఎక్కడిస్తారు సార్?" అని అడిగారు. మా బోర్డు కిందే నిలబడి.

ఆ ప్రశ్నకు అక్క ఎప్పుడూ, "ఈడనేనప్పా, వచ్చేసినారు. కూర్చోండి" అనేది, పరీక్ష పాసైన పిల్లలతో చెప్పినట్టు. నేనైతే వేలెత్తి బోర్డు చూపించేవాణ్ణి. కృష్ణగిరి బస్టాండు పక్కన ఆ చిన్న గదిలో మేమిద్దరం ఏళ్ళ తరబడి కూర్చున్నాం. నా ఓపిక ఎప్పుడో అయిపోయింది. నాలాంటి చిరాకు మనిషిని కూడా ఆమె భరించింది. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఏమేం అడిగేవారని చెప్పను! హోసూరు కంపెనీల్లో కొత్తగా చేరిన ఆంధ్రా కుర్రాళ్ళు కొండమీది కోటను చూసి, "లిఫ్ట్ ఎటువైపండీ?" అనేవారు. ఊరి పక్క డ్యాములో నీళ్ళు రాత్రి తీసేసి పొద్దున నింపుతారా అని ఒకాయన అడిగితే, అక్క నవ్వకుండా "లేదప్పా, అవి ఆడనే పండుకుంటాయి" అంది. డిసెంబరులో బెంగళూరు నుంచి కారేసుకొచ్చిన ఒకామె, తోటల్లో మామిడికాయలే లేవని కంప్లైంట్ రాయడానికి పెన్ను అడిగింది. "చలికాలం చెట్లకు లీవమ్మా. ఎండాకాలం డ్యూటీకొస్తాయి, అప్పుడు రాండి" అని అక్క మంచినీళ్ళిచ్చి పంపింది. వాళ్ళు బస్సెక్కినాక నవ్వుదామనేది నాతో. ఈలోగా ఇంకొకరు వచ్చేవారు. నవ్వడం మరిచిపోయేవాళ్ళం.

"నీకు విసుగు రాదా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"రాకుండా ఉంటుందా? అడిగేది పిచ్చి మాటే. అడిగేవాళ్ళు ఊరు తెలీక దిగులుపడి ఉంటారు కదప్పా" అంది. ఆ మాట మీదే ఇంటి సంగతి చెప్పింది. బావకు, అంటే వాళ్ళాయనకు, మతి నిలవడం లేదట. సాయంత్రం కావేరిపట్టణంలో ఇల్లు చేరితే అడిగిందే అడుగుతాడట. "ఈడ బదులు చెప్తే జీతమిస్తారు, ఆడ ఊరికే చెప్పాల. అంతే తేడా. నేను ముందు పోతే ఆయనకు బదులు చెప్పేదెవరప్పా? అదొక్కటే నా భయం."

ఆ ఆదివారం మధ్యాహ్నం కౌంటరు మూసి కావేరిపట్టణం పోయాను. ఇంటి ముందు షామియానా కింద అక్కను పడుకోబెట్టారు. బావ పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఆమె పోయిందని ఆయనకు చెప్పీ చెప్పీ ఇంట్లోవాళ్ళు అలసిపోయారు. నేను ఆఫీసు మనిషినని మాత్రం గుర్తుపట్టాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, నువ్వొచ్చేసినావు. ఆమె ఇంకా రాలేదే? ఎన్నింటికొస్తుంది?"

ఆమె మా ముందే ఉంది, పూలదండల కింద. ఎవరేమడిగినా బదులు చెప్పడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, బోర్డు చూపించినట్టు వేలెత్తబోయి దించేశాను. ఏడుపొచ్చింది. కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

కాసేపటికి మళ్ళీ అడిగాడు.

"ఈరోజు జనం ఎక్కువ బావా. లేటవుతుంది" అన్నాను.

ఆయన తలూపి గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి వదల్లేదు. నేనూ ఆ గేటు వైపే చూస్తూ కూర్చున్నాను.