లాగౌట్ నొక్కినా పోని మనిషి

కెనడాలోని మా సార్నియాలో కారు లేనివాడు సగం మనిషి. బస్సు కోసం మంచులో నిలబడి ఆ సగం కూడా గడ్డకడుతుంది. అందుకని కాలేజీలో మూడో సెమిస్టర్ ప్రాజెక్టుగా ఇక్కడ చదివే మన తెలుగు పిల్లల కోసం ఒక వెబ్‌సైట్ కట్టాను. కారున్నవాళ్లు ఎప్పుడు, ఎక్కడికి వెళ్తున్నారో అందులో పెడతారు, లేనివాళ్లు సీటు బుక్ చేసుకుంటారు.

అందులో నేను గొప్పగా చెప్పుకున్నది టోకెన్. లాగిన్ అయ్యాక సర్వర్ మన పేరు మీద ఒక టోకెన్ ఇస్తుంది, అది మనం వాడే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండిపోతుంది. ఇక పాస్‌వర్డ్ అడగదు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికొస్తే గేటు దగ్గర ఇచ్చే పాసు లాంటిది. ఎవరి చేతిలో ఉంటే వాడే టికెట్ కొన్నవాడు. మాటిమాటికీ లాగిన్ కావడం విసుగనిపించి ఆ పాసుకి గడువే పెట్టలేదు. లాగౌట్ బటన్ పెట్టాను గానీ, అది లాగిన్ పేజీ చూపిస్తుందే తప్ప టోకెన్‌ను చెరపదు. తర్వాత చూద్దామనుకున్నాను.

మా పై అంతస్తులో వరంగల్ నుంచి వచ్చిన జూనియర్ అమ్మాయి ఉండేది. లండన్‌లో ఆమెకు కో-ఆప్ ఉద్యోగానికి, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగానికి, ఇంటర్వ్యూ వచ్చింది. మా లండన్ ఒంటారియోలోదే, గంట ప్రయాణం. ఇంటర్వ్యూ రోజు ఉదయం అటు వెళ్లే కారు ఒక్కటే. బుక్ చేసేవేళ ఆమె ఫోన్ మొరాయిస్తే నా ల్యాప్‌టాప్‌లోనే సీటు బుక్ చేసుకుని, బుద్ధిగా లాగౌట్ నొక్కి వెళ్లింది.

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచాను. సైట్ నేరుగా లోపలికి తీసుకెళ్లింది. ‘రేపు, లండన్, ఒక సీటు’ అని కనిపించింది. సైట్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి దొంగ బుకింగులు చేసి మరిచిపోవడం నాకు అలవాటే. ఇదీ అలాంటిదే అనుకుని క్యాన్సల్ నొక్కాను. పై మూలన ఎవరి పేరుందో చూడలేదు. నా సైట్‌లో నేను కాక ఇంకెవరుంటారు?

పొద్దున్నే ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

“అన్నా, కారు రాలే. డ్రైవర్‌కి ఫోన్ చేస్తే, ‘నువ్వే క్యాన్సల్ చేసినవ్ కదా, సీటు వేరేటోళ్లకి ఇచ్చిన’ అంటుండు.”

సర్వర్‌లో చూశాను. ఆమె అకౌంట్, ఆమె టోకెన్, సాయంత్రం ఆరున్నర. “సిస్టమ్ అబద్ధం చెప్పదమ్మా. నువ్వే నొక్కుంటావ్.”

“నా ఇంటర్వ్యూ నేనెందుకు క్యాన్సల్ చేసుకుంటా అన్నా?”

“ఫోన్ జేబులో ఉంటే వేలు తగిలుంటుందిలే.”

కంపెనీవాళ్లు ఆమెకు ఆ ఇంటర్వ్యూ మళ్లీ పెట్టలేదు. వాట్సాప్ గ్రూపులో మనవాళ్లు ‘జేబులో క్యాన్సల్’ అని జోకులేశారు. నేనూ నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టాను.

రెండు వారాలకు క్లాసులో ప్రాజెక్టు చూపించాలి. అన్నాళ్లూ ఆ సైట్‌ని ఫోన్‌లోనే వాడాను. ల్యాప్‌టాప్ ప్రొజెక్టర్‌కి పెట్టి సైట్ తెరిచేసరికి, పై మూలన అరచేతంత అక్షరాలతో ఆమె పేరు.

“ఎవరీమె?” అన్నారు ప్రొఫెసర్.

“టెస్ట్ యూజర్” అన్నాను.

లాగిన్ విభాగానికి పూర్తి మార్కులు వచ్చాయి.

ఆ సాయంత్రమే టోకెన్‌కు గంట గడువు పెట్టాను. లాగౌట్ నొక్కితే వాడిన ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ, సర్వర్‌లోనూ అది చెల్లకుండా చేశాను. అదంతా రెండు గంటల పని. పై అంతస్తుకు పద్నాలుగు మెట్లెక్కడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

చెప్పాను. ఆమె తిట్టలేదు, తిడితే బాగుండేది.

“రెండు వారాల సంది ఫోన్ జేబుల పెట్టుకోవాలంటే భయమైతుందన్నా. చేతిల పట్టుకునే నడుస్తున్న” అంది. అప్పుడు చూశాను. ఇంట్లో కూడా ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. నా మాట అంత నమ్మింది.

“గ్రూపుల చెప్పు అన్నా. అందరు నన్నే నవ్విన్రు.”

అక్కడే నిలబడి టైప్ చేశాను: ‘సాంకేతిక లోపం వల్ల ఒక బుకింగ్ రద్దయింది. క్షమించగలరు.’

ఆమె తొంగిచూసి, “లోపానికి చేతులున్నయా?” అంది.

చెరిపేశాను. మళ్లీ రాశాను: ‘ఆ సీటు నేనే క్యాన్సల్ చేశాను. తప్పు తనది కాదు. తెలిశాక కూడా నాలుగు రోజులు దాచాను.’

పంపించాక ఆమె ఫోన్ మోగింది. చదువుకుని, దాన్ని జేబులో వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.